ఐఆర్ ఎల్ఈడీ తల అరగదీస్తే లైన్ ఫాలోయర్ బాగుపడుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. డిప్లొమా ప్రాజెక్టుకి లైన్ ఫాలోయర్ రోబో, అంటే నేల మీది నల్ల గీత వెంట తనంతట తానే పోయే బండి, చేశారు. ఆర్డుయినో ఊనో కంట్రోలర్ బోర్డు, మోటార్లను నడిపే ఎల్298ఎన్ డ్రైవర్, రెండు బీఓ మోటార్లు (చిన్న గేరు మోటార్లు), రెండు 18650 లిథియం సెల్స్, ముందు భాగంలో నాలుగు ఐఆర్ పెయిర్లు (కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఇచ్చే ఎల్ఈడీ, దాన్ని పట్టే ఫొటోడయోడ్ కలిసిన జతలు). రాత్రి ఇంట్లో నల్ల టేపు మీద చక్కగా తిరిగింది. పగలు కాలేజీ హాల్లో కిటికీ దగ్గరికి రాగానే లైన్ వదిలేసి పక్కకు పోతోంది. ఐఆర్ ఎల్ఈడీల తలలు ఆకురాయితో చదునుగా అరగదీస్తే వెలుగు వెడల్పుగా పడి సెన్సర్ బాగా పట్టుకుంటుందని మీ ఫ్రెండ్ అన్నాడు. అలా చేస్తే ఎల్ఈడీ చచ్చిపోతుందేమోనని మీ భయం. రోబో కళ్లకి పెట్టిన తెల్ల ఎల్ఈడీలు చూసేవాళ్ల కళ్లలోకి సూదిలా గుచ్చుతున్నాయి, వాటినేం చేయాలన్నది రెండో ప్రశ్న. మామూలు ఎల్ఈడీనే సెన్సర్‌గా వాడొచ్చంటారు, నిజమేనా అన్నది మూడోది.

ముందు సూటిగా జవాబు. లోపలి సన్న వైరు దాకా వెళ్లనంత వరకు, తల అరగదీసినా ఎల్ఈడీ చావదు. కానీ లైన్ సెన్సర్‌లోని ఐఆర్ ఎల్ఈడీలను మాత్రం అరగదీయకండి, మీ సమస్య ఇంకా ముదురుతుంది. వాటికి కావాల్సింది నల్ల తొడుగు. కళ్లకు పెట్టిన తెల్లవాటిని నిశ్చింతగా అరగదీయండి. ఎల్ఈడీ సెన్సర్‌గా పనిచేసే మాట నిజమే, కానీ లైన్ ఫాలోయర్ వేగానికి అది అందుకోలేదు.

కాలేజీ పిల్లల రోబో బోర్డులు చూసిపెట్టడం చాలా ఏళ్లుగా నా పని. "పగలు పనిచేయట్లేదు సార్" అంటూ వచ్చే రోబోల్లో ఎక్కువ శాతం కోడ్ తప్పుతో రావు. వెలుగు ఎటు పోతోంది, ఎటు నుంచి వస్తోంది అని ఎవరూ చూడకపోవడంతో వస్తాయి. పిల్లలు పీఐడీ విలువలు (రోబో ఎంత గట్టిగా తిరగాలో నిర్ణయించే కోడ్‌లోని అంకెలు) మారుస్తూ రాత్రంతా టెన్షన్ పడతారు. నేను ముందు రోబోని తిరగేసి ఎల్ఈడీల వైపు చూస్తాను.

5 ఎంఎం ఎల్ఈడీ గుండ్రటి తల అందానికి పెట్టింది కాదు, అదొక లెన్స్. లోపల చిప్పు ఇసుక రేణువంత ఉంటుంది. చిప్పు నుంచి అన్ని దిక్కులకూ పోయే వెలుగులో చాలా భాగాన్ని కింద ఉన్న చిన్న గిన్నె, పైన ఉన్న ఈ గుండ్రటి తల కలిసి ముందుకు తిప్పుతాయి. పారదర్శకంగా ఉండే రకాల్లో వెలుగు దాదాపు 15 నుంచి 30 డిగ్రీల కోణంలోనే వస్తుంది. తలను చదును చేశారంటే లెన్స్ పోయినట్టే. వెలుగు విప్పారుతుంది, ఒక చోట పడే వెలుగు తగ్గుతుంది.

ఇప్పుడు మీ సెన్సర్‌లో ఏం జరుగుతుందో చూడండి. ఐఆర్ ఎల్ఈడీ పక్కనే, వేలెడు దూరం కూడా లేకుండా, నల్లటి ఫొటోడయోడ్ ఉంది. ఎల్ఈడీ వెలుగు నేల మీద పడి తిరిగొచ్చి ఫొటోడయోడ్‌ని తాకాలి. తెల్ల నేల అయితే ఎక్కువ, నల్ల టేపు అయితే తక్కువ. ఆ తేడానే మీ ప్రోగ్రామ్‌కి ఆధారం. అరగదీసిన ఎల్ఈడీ అయితే నేలకి వెళ్లేది తగ్గి, పక్కకి కారేది పెరుగుతుంది. పక్కకి కారిన వెలుగు నేలను చూడకుండానే నేరుగా ఫొటోడయోడ్‌లోకి దూరుతుంది. తెలుపైనా నలుపైనా ఒకేలా పడే ఆ వెలుగు మీ సిగ్నల్‌ని మింగేస్తుంది. మీ ఫ్రెండ్ చెప్పింది వెలుగు కోణం వరకూ సరైనదే. లైన్ సెన్సర్‌కి కావాల్సింది మాత్రం దానికి ఉల్టా, ఇరుకైన వెలుగు.

ఎంత కారుతోందో కొలవడం తేలిక. మీ ఫొటోడయోడ్ కేథోడ్ 5 వోల్టులకి, ఆనోడ్ అనలాగ్ పిన్నుకి, పిన్ను నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఉందనుకుంటున్నాను. అలాగైతే వెలుగు పెరిగేకొద్దీ రీడింగ్ పెరుగుతుంది. రోబోని గాల్లో బాగా ఎత్తి, కింద ఏమీ లేకుండా, కిటికీకి దూరంగా పట్టుకోండి. ఐఆర్ ఎల్ఈడీ వెలిగించి ఒక రీడింగ్, ఆర్పి ఒక రీడింగ్ తీసుకోండి. కింద తిప్పి పంపడానికి ఏమీ లేదు కాబట్టి రెండూ దాదాపు ఒకటే రావాలి. ఆర్డుయినో రీడింగ్ 0 నుంచి 1023 దాకా ఉంటుంది, అందులో వంద, రెండొందలు తేడా వస్తే అదంతా పక్కనుంచి కారుతున్న వెలుగే. నా దగ్గరికొచ్చే చేత్తో కట్టిన బోర్డుల్లో ఈ తేడా చాలా సార్లు వంద దాటే ఉంటుంది. తొడుగు వేశాక ఇరవై లోపలికి దిగుతుంది.

ఐఆర్ ఎల్ఈడీ అసలు వెలుగుతోందా లేదా కంటికి తెలియదు కాబట్టి ఫోన్ కెమెరాతో చూడండి. 940 నానోమీటర్ల రకం అయితే ఊదారంగు చుక్కలా కనిపిస్తుంది. వెనక కెమెరాలో కనిపించకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి, చాలా ఫోన్లలో ముందు కెమెరాకి ఐఆర్ ఫిల్టర్ బలహీనంగా ఉంటుంది.

తొడుగు సంగతి. 5 ఎంఎం ఎల్ఈడీ అడుగు అంచు దాదాపు 6 ఎంఎం ఉంటుంది కాబట్టి, వేడి చేయక ముందు 6 ఎంఎం కంటే కొంచెం వదులుగా ఉండే నల్ల హీట్ ష్రింక్ స్లీవ్ తీసుకోండి. ఎల్ఈడీకి తొడిగి, స్లీవ్ కొన తల కంటే ఒకటి రెండు ఎంఎంలు బయటకి ఉండేలా, అడుగున అంచు దాకా కప్పేలా కత్తిరించి వేడి చేయండి. ఫొటోడయోడ్‌కి ఇంకొంచెం ఎక్కువ, మూడు నాలుగు ఎంఎంలు బయటకి ఉంచండి. కిటికీ వెలుగు ఏటవాలుగా లోపలికి దూరకుండా ఆ అంచు అడ్డుకుంటుంది. చాలామంది తలను మాత్రమే కప్పి అడుగు వదిలేస్తారు. ఎల్ఈడీ ఒళ్లంతా పారదర్శకమైన ఎపాక్సీ. అడుగు అంచు నుంచి కూడా వెలుగు కారుతుంది, ఫొటోడయోడ్‌లోకి అలాగే దూరుతుంది.

ఇక్కడో జాగ్రత్త. కంటికి నల్లగా కనిపించిన ప్రతిదీ ఐఆర్‌కి నలుపు కాదు. కొన్ని నల్ల ప్లాస్టిక్కుల్లోంచి ఐఆర్ సులువుగా దూసుకుపోతుంది. మీ నల్ల ఫొటోడయోడ్ ఒంటిదీ అలాంటి రంగే. కంటికి కనిపించే వెలుగుని ఆపి ఐఆర్‌ని వదలడానికే ఆ రంగు వేస్తారు. పల్చటి స్లీవ్‌లతో, నల్ల స్ట్రాలతో, పెన్ను మూతలతో ఇదే చిక్కు రావొచ్చు. తొడిగాక పైన చెప్పిన గాల్లో పరీక్ష మళ్లీ చేయండి. తేడా దిగకపోతే స్లీవ్ మీద స్లీవ్ వేయండి, లేదా ఎల్ఈడీకీ ఫొటోడయోడ్‌కీ మధ్య చిన్న అల్యూమినియం ఫాయిల్ ముక్కని, కాళ్లకి తగలకుండా, టేపుతో అంటించి నిలబెట్టండి.

టేపు నలుపు విషయంలోనూ అంతే. ఒక అమ్మాయి తెల్ల చార్టు మీద నల్ల మార్కర్‌తో మందంగా గీసిన గీతను రోబో అసలు పట్టించుకోవడం లేదని తీసుకొచ్చింది. రీడింగులు చూస్తే గీత మీదా, చార్టు మీదా దాదాపు ఒకటే. చాలా మార్కర్లలో ఉండేది డై రంగు, దానిలోంచి ఐఆర్ వెళ్లి కింది తెల్ల కాగితాన్ని తాకి తిరిగొచ్చేస్తుంది. కరెంటు పనికి వాడే నల్ల ఇన్సులేషన్ టేపులో సాధారణంగా నలుపుకి కార్బన్ వాడతారు, అది ఐఆర్‌ని పీల్చుకుంటుంది. గీతకి బదులు ఆ టేపు వేయగానే అదే కోడ్‌తో అదే రోబో తిరిగింది. ట్రాక్ మార్చే వీలు లేకపోతే ఐఆర్‌కి బదులు ఎర్ర ఎల్ఈడీ పెట్టి, నల్ల రంగు లేని పారదర్శకమైన ఫొటోట్రాన్సిస్టర్ వాడొచ్చు. మార్కర్ గీత ఎర్ర వెలుగుకి నల్లగానే ఉంటుంది.

ఇప్పుడు కిటికీ దగ్గరికి వద్దాం. ఎండలో ఐఆర్ విపరీతంగా ఉంటుంది. ట్యూబులైట్లలో, ఇళ్లలో వాడే ఎల్ఈడీ బల్బుల్లో చాలా తక్కువ. అందుకే రాత్రి ఇంట్లో మీకు సమస్య రాలేదు. హాలోజన్ ఫోకస్ లైట్లు కూడా ఎండలాగే ఇబ్బంది పెడతాయి. ఒక కాలేజీ ఫెస్ట్‌లో ట్రాక్ పక్కన ఫోటోల కోసం హాలోజన్ లైట్ పెట్టారు. ఒక మూలకి వచ్చేసరికి ప్రతి టీమ్ రోబో తడబడుతోంది. లైట్‌కీ ట్రాక్‌కీ మధ్య ఒక కుర్రాణ్ణి నిలబెట్టి నీడ పడేలా చేశాం. ఆ మూలలో కూడా లైన్ మీదే పోయాయి. ఆ ట్రాక్ ఫ్లెక్సీ మీద ప్రింట్ చేసింది కావడంతో మెరుపు కూడా తోడైంది. మెరిసే నలుపు ఏటవాలుగా పడిన వెలుగుని అద్దంలా తిప్పి కొడుతుంది, సెన్సర్ దాన్ని తెలుపనుకుంటుంది.

దీనికి నేను వాడే పద్ధతి ఆర్పి చదవడం, వెలిగించి చదవడం, తీసివేయడం. ఐఆర్ ఎల్ఈడీలు ఆర్పి ఉన్నప్పటి రీడింగ్ అంటే బయటి వెలుగు. వెలిగించినప్పటి రీడింగ్ అంటే బయటి వెలుగు, మన వెలుగు కలిపి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మనది మిగులుతుంది. ఊనోలో ఒక అనలాగ్ రీడింగ్‌కి సుమారు 110 మైక్రోసెకన్లు పడుతుంది. నాలుగు సెన్సర్లకి రెండేసి రీడింగులు తీసినా ఒక మిల్లీసెకను చుట్టుపక్కల అయిపోతుంది. బీఓ మోటార్ల రోబోకి అది చాలా ఎక్కువ వేగం. వెలిగించాక చదివే ముందు కాస్త ఆగాలి. ఫొటోడయోడ్‌కి కొన్ని పదుల మైక్రోసెకన్లు చాలు. ఫొటోట్రాన్సిస్టర్ నిదానం, 300 మైక్రోసెకన్ల దాకా ఇవ్వండి.

ఇది చేయాలంటే ఐఆర్ ఎల్ఈడీలని ఆర్డుయినో ఆర్పగలగాలి. ఇప్పుడు మీవి నేరుగా 5 వోల్టులకి కట్టి ఉన్నాయి కాబట్టి కొంచెం వైరింగ్ మార్పు ఉంటుంది. ఐఆర్ ఎల్ఈడీ దగ్గర పడే వోల్టేజీ దాదాపు 1.2. రెండేసి సిరీస్‌లో కలపండి, 2.4 అవుతుంది. ఒక్కో జతకి 150 ఓమ్స్ రెసిస్టర్ పెడితే సుమారు 17 మిల్లీ యాంపియర్లు. రెండు జతలకి 34. ఊనో పిన్ను నుంచి నిశ్చింతగా లాగదగ్గది 20, తట్టుకునే గరిష్ఠ హద్దు 40. కాబట్టి నేరుగా పిన్నుకి కట్టకుండా బీసీ547 ట్రాన్సిస్టర్ ద్వారా కట్టండి. దాని బేస్‌కి పిన్ను నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్. ఒకే రెసిస్టర్‌కి నాలుగు ఎల్ఈడీలు పారలల్‌గా కట్టడం చాలా కిట్లలో కనిపిస్తుంది. అది వద్దు. ఒక్కో ఎల్ఈడీ వోల్టేజీ కాస్త అటూ ఇటూ ఉంటుంది, తక్కువ ఉన్నది కరెంటు ఎక్కువ లాగేస్తుంది, నాలుగు సెన్సర్లు నాలుగు రకాలుగా చదువుతాయి.

తీసివేతకీ ఒక హద్దుంది. నేరుగా ఎండ పడే చోట, ఎల్ఈడీ ఆర్పి ఉన్నప్పుడే రీడింగ్ 1000 దాటిపోతే, వెలిగించినా పెరగడానికి చోటు లేదు. తీసివేస్తే సున్నా. అప్పుడు 10 కిలో ఓమ్స్ రెసిస్టర్‌ని 4.7 కిలో ఓమ్స్‌కి, అవసరమైతే 2.2కి తగ్గించండి. సిగ్నల్ చిన్నదవుతుంది, కానీ మునిగిపోకుండా ఉంటుంది. దీంతో పాటు సెన్సర్ బోర్డు చుట్టూ నల్ల ఫోమ్ షీట్‌ని లంగాలాగా వేలాడదీయండి, నేలకి ఒకటి రెండు ఎంఎంల ఎత్తులో. సెన్సర్ ఎత్తు కూడా చూసుకోండి. మీరు రెడీమేడ్ టీసీఆర్‌టీ5000 సెన్సర్ (ఐఆర్ ఎల్ఈడీ, ఫొటోట్రాన్సిస్టర్ ఒకే పెట్టెలో ఉండేది) వాడితే దానికి అత్యధిక సిగ్నల్ వచ్చేది రెండున్నర ఎంఎంల దగ్గర. చాలా రోబోల్లో దాన్ని పదిహేను ఎంఎంల ఎత్తున బిగించి, సెన్సర్ బాగోలేదని తిడుతుంటారు.

కళ్ల ఎల్ఈడీలకి పీడబ్ల్యూఎం (వేగంగా ఆర్పి వెలిగిస్తూ ప్రకాశం తగ్గించే పద్ధతి) ఇవ్వండి, ఇబ్బంది లేదు. సెన్సర్ ఎల్ఈడీలకి మాత్రం ఇవ్వకండి. ఊనోలో పీడబ్ల్యూఎం చాలా పిన్నుల మీద సెకనుకి 490 సార్లు ఆరి వెలుగుతుంది. మీ రీడింగ్ ఏ క్షణంలో పడుతుందో తెలియదు, ఒకసారి వెలుగులో, ఒకసారి చీకట్లో. అంకెలు పిచ్చిగా ఎగురుతాయి.

బ్యాటరీ గురించి కూడా చెప్పాలి. మీరు అడగలేదు, కానీ మీ పార్టుల లిస్ట్ చూస్తే ఇదీ తగులుతుందనిపిస్తోంది. రెండు సెల్స్ కలిపి 7.4 వోల్టులు. ఎల్298ఎన్ బోర్డు మీది 5 వోల్టుల రెగ్యులేటర్‌కి దాదాపు 2 వోల్టులు మిగులు కావాలి. సెల్స్ కాస్త దిగాక, మోటార్లు ఒక్కసారిగా లాగినప్పుడు 5 వోల్టులు 4.5కి పడుతుంది. వోల్టేజీ పడింది పది శాతమే. సిరీస్ జతలో కరెంటు మాత్రం దాదాపు ఇరవై శాతం పడుతుంది, ఎందుకంటే ఎల్ఈడీలు తమ 2.4 వోల్టులు ఎలాగూ తీసుకుంటాయి, లోటంతా రెసిస్టర్ మీదే పడుతుంది. అంటే మోటార్ స్టార్ట్ అయిన ప్రతిసారీ మీ ఐఆర్ వెలుగు మసకబారి, తెలుపు కాస్త నలుపులా కనిపిస్తుంది. సెన్సర్ బోర్డు దగ్గరే 5 వోల్టుల లైన్ మీద 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. వీలుంటే ఆర్డుయినోకి, సెన్సర్లకి విడిగా చిన్న బక్ కన్వర్టర్ (వోల్టేజీని తగ్గించి ఇచ్చే బోర్డు) పెట్టండి.

ఇక కళ్లు. ఇక్కడ మీ ఫ్రెండ్ సలహా బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ముందు తెల్ల ఎల్ఈడీని కిటికీ వైపు పెట్టి పక్కనుంచి చూడండి. రెండు లోహపు పలకలు కనిపిస్తాయి, ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. వెడల్పుదాని పైన చిన్న గిన్నె, అందులో పసుపు పూత. చిప్పు ఇచ్చేది నీలం వెలుగు, ఆ పసుపు ఫాస్ఫర్ దాన్ని తెలుపు చేస్తుంది. గిన్నె నుంచి వెంట్రుక కంటే సన్నటి వైరు వంపు తిరిగి రెండో పలకకి వెళ్తుంది. ఎర్రవాటిలో సాధారణంగా ఒకే వైరు, నీలం, తెలుపు రకాల్లో ఎక్కువగా రెండుంటాయి. ఆ వంపు పైభాగమే మీ లక్ష్మణరేఖ. దాని పైన కనీసం 2 ఎంఎంల ప్లాస్టిక్ మిగలాలి. పక్కన ఒంటి మీద సన్న పెన్నుతో గీత పెట్టుకుంటే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

ఆకురాయి వాడితే లోతైన గీతలు పడతాయి, నేనైతే వాటర్ పేపరే వాడతాను. 220 నంబరు కాగితాన్ని గాజు పలక మీద పరిచి, నాలుగు నీటి చుక్కలు వేసి, ఎల్ఈడీని నిట్టనిలువుగా పట్టుకుని సున్నాలు చుడుతున్నట్టు రుద్దండి. గుండ్రటి తల కొన మీద ముందు చిన్న తెల్లటి వృత్తం పడుతుంది. రుద్దే కొద్దీ ఆ వృత్తం అంచుల దాకా విస్తరిస్తుంది. అది ఒక వైపుకే పెరుగుతుంటే ఎల్ఈడీని వంకరగా పట్టుకున్నట్టు. చదునయ్యాక 400 నంబరు కాగితంతో కాసేపు రుద్ది ఆపేయండి. మంచు పట్టిన అద్దంలా ఉండాలి. అక్కడితో ఆగకుండా 1000, 1500 దాకా వెళ్లి మెటల్ పాలిష్ వేస్తే పైభాగం అద్దంలా తేటగా తయారవుతుంది. వెలుగు వెడల్పవుతుంది కానీ లోపలి చుక్క మళ్లీ కనిపిస్తుంది. కళ్లకి మంచు రకమే బాగుంటుంది. పక్కలను కూడా 400తో ఒకసారి మసకబారిస్తే ఎల్ఈడీ మొత్తం నిండుగా వెలిగినట్టు కనిపిస్తుంది.

డ్రిల్ మెషీన్‌కి గ్రైండింగ్ బిట్ పెట్టి చేయకండి. వేడికి ఎపాక్సీ మెత్తబడి కదిలితే లోపలి వైరు తెగుతుంది. అలా దెబ్బతిన్నవి విచిత్రంగా ప్రవర్తిస్తాయి. వేలితో తల నొక్కితే వెలుగుతాయి, వదిలితే ఆరిపోతాయి. చల్లగా ఉన్నప్పుడు వెలిగి, కాసేపటికి మిణుకుమంటాయి. అలాంటిది కనిపిస్తే పారేయండి, దానికి రిపేర్ లేదు. సోల్డరింగ్ విషయంలో కూడా ఇదే వైరుని గుర్తుపెట్టుకోండి. కాళ్లు వంచేటప్పుడు ఒంటికి 3 ఎంఎంల కింద నోస్ ప్లయర్‌తో పట్టుకుని, దాని కింద వంచండి. ఐరన్ మూడు నాలుగు సెకన్ల కంటే ఎక్కువ ఆనించకండి.

పొడి గాల్లో ఎగరకుండా తడిపి రుద్దమన్నది మీ ఊపిరితిత్తుల కోసం కూడా. పని అయ్యాక చేతులు కడుక్కోండి.

అరగదీస్తే ప్రకాశం తగ్గుతుందని కంగారు పడకండి. షాపులో "ఇరవై వేల ఎంసీడీ" అని చెప్పే అంకె, ముందు వైపు ఒక కోణంలో వెలుగు ఎంత చిక్కగా ఉందన్న లెక్క. మొత్తం వెలుగు ఎంతన్న లెక్క అది కాదు. అదే చిప్పుకి ఇరుకైన లెన్స్ పెడితే ఎంసీడీ పెరుగుతుంది, వెడల్పు చేస్తే పడిపోతుంది. మొత్తం వెలుగులో పెద్ద తేడా రాదు. కళ్లకి కరెంటు కూడా ఎక్కువ అక్కర్లేదు. తెల్లదానికి 3.1 వోల్టులు పోగా మిగిలిన 1.9కి 220 ఓమ్స్ పెడితే తొమ్మిది మిల్లీ యాంపియర్ల లోపు వస్తుంది. గదిలో చూడడానికి 470 ఓమ్స్ పెట్టినా చాలు.

కాళ్లు సమానంగా కత్తిరించేశాక ఏది కేథోడో తెలియకపోతే, అడుగు అంచు చదునుగా ఉన్న వైపు కేథోడ్. లోపలి వెడల్పు పలక కూడా చాలా రకాల్లో కేథోడే, కానీ అన్నింటిలో కాదు. 3 వోల్టుల బటన్ సెల్ సీఆర్2032కి ఆనించి చూస్తే వెంటనే తేలిపోతుంది.

రంగుల కోసం రిబ్బన్‌లా వచ్చే డబ్ల్యూఎస్2812బీ ఎల్ఈడీలు వాడాలనుకుంటే వాటిని మాత్రం కాగితంతో ముట్టుకోకండి. పైన ఉన్నది మెత్తటి పల్చని పొర, కిందే వైర్లు, కంట్రోల్ చిప్పు ఉంటాయి. వాటి మీద బటర్ పేపర్, లేదా సగానికి కోసిన టేబుల్ టెన్నిస్ బంతి పెట్టండి. పూర్తి తెలుపులో ఒక్కోటి 60 మిల్లీ యాంపియర్ల దాకా తాగుతుంది, ఆర్డుయినో 5 వోల్టుల పిన్ను నుంచి బారెడు రిబ్బన్ నడపొద్దు.

మూడో ప్రశ్న. ఎల్ఈడీ సెన్సర్‌గా పనిచేస్తుంది. పారదర్శకమైన ఎర్ర ఎల్ఈడీని మల్టీమీటర్‌కి కట్టి, డీసీ వోల్టుల్లో పెట్టి, ఎండలో సూర్యుడి వైపు తిప్పండి, ఒక వోల్టు పైనే చూపిస్తుంది. అమెరికాలో ఫారెస్ట్ మిమ్స్ ఈ గుణం ఆధారంగా ఎల్ఈడీలతోనే సూర్యకాంతిని కొలిచే ఫొటోమీటర్లు తయారుచేసి, 1992లో శాస్త్ర పత్రికలో ప్రచురించారు. ఎల్ఈడీ తాను ఇచ్చే రంగు, దానికంటే కొంచెం తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న రంగులే చూస్తుంది. అందుకే ఎర్ర ఎల్ఈడీకి ఐఆర్ కనిపించదు, టీవీ రిమోట్ నొక్కినా చలించదు. తెల్లవి ఈ పనికి బాగుండవు, పసుపు పూత అడ్డొస్తుంది.

అయితే వచ్చే కరెంటు మైక్రో యాంపియర్లలో. దాన్ని ఆర్డుయినోతో చదవడానికి చక్కని ఉపాయం ఉంది, మిత్సుబిషి వాళ్ల అమెరికా పరిశోధనశాల ఇంజనీర్లు 2003లో వివరంగా రాశారు. ఎల్ఈడీని రెండు పిన్నుల మధ్య రెసిస్టర్‌తో కడతారు. ముందు ఉల్టా వోల్టేజీ ఇచ్చి ఎల్ఈడీ లోపలి చిన్న కెపాసిటెన్స్‌ని ఛార్జ్ చేస్తారు. తర్వాత కేథోడ్ పిన్నుని ఇన్‌పుట్ చేసి, ఆ ఛార్జ్ దిగడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెడతారు. వెలుగు ఎక్కువుంటే త్వరగా దిగుతుంది. చీకట్లో పదుల, వందల మిల్లీసెకన్లు పట్టొచ్చు. లైన్ మీద పరుగెత్తే రోబో అంతసేపు ఆగలేదు. కానీ కళ్లకి పెట్టిన ఎల్ఈడీ తానే గది వెలుగు చూసి, చీకట్లో మసకగా, పగలు గట్టిగా వెలగాలంటే ఇంతకంటే మంచి దారి లేదు, అదనపు పార్టు ఒక్కటీ అక్కర్లేదు. ఆ పని కోసం కళ్లకి తెల్లవి తీసేసి ఎర్రవి పెట్టండి. తల చదును చేస్తే చూపు కూడా వెడల్పవుతుంది, అరగదీయడం ఇక్కడ రెండు విధాలా లాభం. ఉల్టా వోల్టేజీ 5 దాటనివ్వకండి, చాలా ఎల్ఈడీలకి అదే హద్దు.

హైదరాబాద్ దగ్గర్లో ఉంటే వాటర్ పేపర్ కాక, స్లీవ్, బీసీ547తో సహా మిగతా పార్టులన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఐఆర్ పెయిర్లు ఒకే ప్యాకెట్‌లోంచి నాలుగు అడగండి, వేర్వేరు ప్యాకెట్లవి కలిపితే సెన్సర్లు ఒకదానికొకటి పొంతన లేకుండా చదువుతాయి.

వరస ఇలా పెట్టుకోండి: ముందు గాల్లో పరీక్ష, తర్వాత స్లీవ్, మళ్లీ గాల్లో పరీక్ష, ఆ తర్వాతే ట్రాన్సిస్టర్, తీసివేత. ఒక్కో మార్పు తర్వాత నాలుగు సెన్సర్ల రీడింగులు తెలుపు మీద, నలుపు మీద, కిటికీ దగ్గర, కిటికీకి దూరంగా రాసుకోండి. ఆ అంకెలు, సెన్సర్ బోర్డు ఫొటో ఒకటి కింద పెడితే, మీ హాలుకి ఆ 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ స్థానంలో 4.7 కావాలో 2.2 కావాలో చూసి చెబుతాను.